చివరి పదకొండు నిమిషాలు

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజుతో నాకు నలభై ఒకటి నిండాయి. చివరి ఎపిసోడ్‌లో కెప్టెన్ అభిరథ్ వయసు కూడా నలభై ఒకటే. ఆయన గుర్తింపు కార్డు మీద ఉంది, నేను చూశాను. అంటే రేపటి నుంచి నేను కెప్టెన్ కంటే పెద్దవాడిని.

ఇంట్లో ఎవరూ ఈ సంగతి పట్టించుకోలేదు. మా ఆవిడ కవిత సేమ్యా పాయసం చేసింది, అంతవరకు సంతోషమే. కూతురు రుతుజ కాళ్లకు దండం పెట్టి, ఫోన్‌లో నా ఫొటో తీసి, నాకే పంపింది. అందులో కిటికీ వెలుగు నెత్తి మీద పడి జుట్టు పలచబడ్డట్టు కనిపిస్తోంది. వెలుగు తప్పు.

ఈ డైరీ లెన్సుల కంపెనీ వాళ్లు మా కళ్లజోళ్ల దుకాణానికి ఇచ్చింది. గీతలు మరీ లేతగా, మరీ దగ్గరగా అచ్చేశారు. అందుకని రెండేసి గీతలు వదిలి రాస్తున్నాను.

రాయడానికి కారణం ఉంది. 'శూన్య్ కే యాత్రీ' అనే హిందీ అంతరిక్ష సీరియల్ గురించి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు వచ్చేది. డెబ్బై ఎనిమిది ఎపిసోడ్లు. ఓడ థర్మోకోల్‌తో చేశారని, తుపాకీ అసలు జుట్టు ఆరబెట్టే మిషనని నవ్వేవాళ్లు నవ్వనీ. మా పదకొండో గల్లీలో శాంతాబాయి ఒంటిగది ఖోలీలో, ఆమె టీవీ ముందు చాప మీద కూర్చుని డెబ్బై ఎనిమిదీ చూసినవాణ్ని నేనొక్కణ్నే. మిగతా పిల్లలు పరీక్షలనీ, క్రికెట్ అనీ జారుకున్నారు.

ముగింపు సంగతి: ఓడలో గాలి ఒక్క మనిషికే సరిపోతుంది. కెప్టెన్ అందరినీ చిన్న నావలో భూమికి పంపించి, తానొక్కడే కుర్చీలో కూర్చుండిపోతాడు. డాక్టర్ మేఘా అద్దం మీద చెయ్యి పెడుతుంది. అతను సెల్యూట్ చేస్తాడు. అంతే, చీకటి.

ఆ సెల్యూట్ ఈ ఇరవై ఐదేళ్లలో ఎంతమందికి చేసి చూపించానో లెక్కలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

కెప్టెన్ కంటే ఒక రోజు పెద్ద. ఎడమ మోకాలు పట్టేసింది. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

శుక్రవారం మా దుకాణం సెలవు. సాయంత్రం మా తెలుగు సంఘం మీటింగుకు వెళ్లాను. ఉగాది మార్చి 19న. మా సంఘం ఉగాది మార్చి 27న, ఎందుకంటే అంతకుముందు హాలు దొరకలేదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో చేశాం, కాబట్టి ఇది ప్రగతే.

అధ్యక్షుడు బాలనర్సయ్య కాకా మా నాయినకు దోస్తు. డెబ్బై రెండేళ్లు. పదకొండేళ్లుగా ఆయనే అధ్యక్షుడు, పదకొండేళ్లుగా ఆయనకే శాలువా. కప్పేవాళ్లు మారుతుంటారు.

"నువ్వేం జేస్తవ్‌రా రితేశ్ ఈపారి?" అన్నాడు.

"కాకా, మార్చి పచ్చీస్‌కి ఆ సీరియల్ ఖతమయ్యి ఇరవై ఐదేండ్లయితది. దాని మీద పావుగంట మాట్లాడ్త."

"ఏ సీరియల్? అత్తాకోడండ్లదా?"

"కాదు కాకా. ఆకాశంల ఓడ పోతది సూడు, అది."

"అండ్ల దేవుడుంటడా?"

"ఉండడు."

"దేవుడు లేకుంట ఉగాదికి ఎట్ల పెడ్తంరా?"

చాలాసేపు ఆలోచించి చివరికి పది నిమిషాలు ఇచ్చాడు. లక్కీ డ్రాకూ భోజనాలకూ మధ్యలో. "గప్పుడైతే ఎవడు లేచిపోడు," అన్నాడు. ఇది నాకు గౌరవమే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఈ మధ్య కళ్లజోళ్ల స్క్రూలు మరీ చిన్నవి చేస్తున్నారు.

ఫోరస్ రోడ్ నుంచి అంజమ్మ అని ఒకావిడ వచ్చింది, జోడు కాడ ఊడిపోయిందని. నాలుగుసార్లు స్క్రూ కింద పడింది. చిన్న సేఠ్ వచ్చి, నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకుని, ఒక్కసారికే బిగించాడు. చిన్న సేఠ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న పెద్ద సేఠ్ నాకు పని నేర్పించాడు, నేను వీడికి నేర్పించాను. వీడు పుట్టాక ఎత్తుకోలేదు గానీ, మిగతావన్నీ చేశాను.

"కాకా, ఏక్ బార్ ఆప్ భీ మెషిన్ పే బైఠ్ జాఓ," అన్నాడు, ఒకసారి మీరూ కూర్చోండని కళ్లు పరీక్షించే కుర్చీ చూపిస్తూ.

ఆ కుర్చీలో ఇప్పటికి కొన్ని వేల మందిని కూర్చోబెట్టి ఉంటాను. నాకు అవసరం లేదని చెప్పాను.

వీడు నన్ను కాకా అనడం ఎప్పుడు మొదలుపెట్టాడు? ముందు భాయ్ అనేవాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

రుతుజకు పదిహేనేళ్లు. నేను తెలుగులో అడిగితే అది మరాఠీలో జవాబిస్తుంది. ఇద్దరికీ అలవాటైపోయింది. ఈ రోజు నా కార్యక్రమం కోసం పోస్టర్ గీస్తానని కూర్చుంది. ఓడ ఎలా ఉంటుందో ఎక్కడ చూడాలని అడిగింది.

"ఎక్కడ లేదు బేటా. ఛానలోళ్లు టేపులన్ని మిటాయించిన్రు. ఇగ నా బుర్రలనే ఉన్నది," అన్నాను.

అది నా తల వైపు కాసేపు చూసి, "మగ్ తూచ్ సాంగ్," అంది. మరి నువ్వే చెప్పు అని. చెప్పాను. ముగింపు కూడా చెప్పాను, సెల్యూట్‌తో సహా. దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. కవిత మాత్రం పొయ్యి దగ్గర బెండకాయలు తరుగుతూ అటు తిరిగే ఉంది.

ఫిబ్రవరి 26, గురువారం

సీరియల్ కోసం నేను పెట్టిన వాట్సాప్ గ్రూపులోంచి ఇంకొకరు వెళ్లిపోయారు. ఒకప్పుడు అరవై ముగ్గురం. ఇప్పుడు తొమ్మిదిమంది. అందులో రెండు నంబర్లు నావే.

మార్చి 6, శుక్రవారం

దొరికింది.

రుతుజ పట్టింది. నాగ్‌పూర్‌లో ఎవరో పాత క్యాసెట్లు ఉన్నవన్నీ ఇంటర్నెట్‌లో పెడుతున్నాడట. డెబ్బై ఎనిమిదో ఎపిసోడ్ మొత్తం ఉంది, మొదటి నుంచి చివరి దాకా. బొమ్మ కొంచెం వణుకుతుందట. రుతుజ ఇంకా చూడలేదట. కార్యక్రమం రోజు నా మాటలయ్యాక గోడ మీద వేసి అందరితో కలిసి చూస్తుందట. "పప్పా, సర్‌ప్రైజ్ ద్యాయ్‌చా హోతా," అంది. సర్‌ప్రైజ్ ఇద్దామనుకుందట, దాచుకోలేక చెప్పేసింది.

నేను చాలా సంతోషించాను. చాయ్ కప్పు చేతిలోంచి జారింది సంతోషంతోనే.

మార్చి 8, ఆదివారం

ఇంటర్నెట్‌లో పెట్టినవన్నీ నిజమైనవి కావు. ఈ రోజుల్లో ఎవరైనా ఏదైనా తయారు చేయగలరు. నాగ్‌పూర్ వాళ్లయితే మరీ.

మార్చి 9, సోమవారం

బాలనర్సయ్య కాకాను గల్లీ మొదట్లో ఆపి, పర్మిషన్ లేకుండా సీరియల్ చూపిస్తే పోలీసు కేసు అవుతుందని చెప్పాను.

"గణపతికి పది రోజులు పాటలు పెడ్తిమి గదరా, ఎవడన్న వచ్చిండా?" అన్నాడు.

"అది దేవునిది కాకా."

"అయితే ముందుగాల్ల గణపతి ఫొటో పెట్టి నీది పెడ్దాం."

ఈ మనిషి పదకొండేళ్లు అధ్యక్షుడిగా ఎలా ఉన్నాడో అర్థమైంది.

మార్చి 10, మంగళవారం

కార్యక్రమం రోజు నాకు జ్వరం రావచ్చు.

మార్చి 13, శుక్రవారం

కవిత బట్టలు మడతపెడుతూ అడిగింది, "బిడ్డ అంత కుషీగున్నది. నువ్వెందుకు వద్దంటున్నవ్?"

"బొమ్మ సాఫ్ లేదంట. కెప్టెన్ ఇజ్జత్ పోతది."

"కెప్టెన్ ఇజ్జతా?" అంది. మడతపెట్టిన నా చొక్కా విప్పి మళ్లీ మడతపెట్టింది. కవిత ఒకే చొక్కా రెండుసార్లు మడతపెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు.

రాయకూడదనుకున్నాను. కానీ ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ డైరీ దేనికి? తాళం వేసి పెడతాను.

చివరి పదకొండు నిమిషాలు నేను చూడలేదు.

2001, మార్చి 25, ఆదివారం. పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయి. ఒక్కణ్నే శాంతాబాయి ఖోలీలో చాప మీద ఉన్నాను. ఆమె వెనక కూర్చుని బియ్యం ఏరుతోంది. ఓడలో ఎర్రలైటు వెలిగింది. గాలి అయిపోతోందని మేఘా అంటోంది. అప్పుడే బాలనర్సయ్య కాకా గుమ్మంలోకి వచ్చాడు. నాగ్‌పాడాలో కళ్లజోళ్ల దుకాణంలో ఒక జాగా ఖాళీ ఉందట. సేఠ్ పదకొండింటికి బయటికి వెళ్లిపోతాడట. ఇప్పుడే రావాలట, లేకపోతే ఇంకొకడు వచ్చేస్తాడట.

"పదకొండు మినిట్లే ఉన్నది కాకా," అన్నాను. గోడ గడియారం చూసి మరీ అన్నాను.

"సీరియల్ మల్ల ఒస్తదిరా. నౌకరి మల్ల రాదు."

నాయిన అప్పటికే సిమెంటు దుమ్ముకు ఛాతీ చెడి గోడపని మానేశాడు. నేను లేచాను. చెప్పులు వేసుకుంటూ కూడా వెనక్కి తిరిగి తెర చూశాను. కెప్టెన్ ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు. ఆ నోరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ జాగా నాకే వచ్చింది. ఆ రోజు నుంచి ఆదివారాలన్నీ దుకాణంలోనే. ఆదివారం గిరాకీ ఎక్కువ. వారం పోయాక శాంతాబాయిని అడిగాను, సీరియల్ ఏమైందని. "అయిపోయింది బేటా," అంది. అది చివరి ఎపిసోడ్ అని అలా తెలిసింది. మిగిలిన కథ నేనే చేసుకున్నాను. మొదట ఒకలా ఉండేది, చెప్పగా చెప్పగా కుదురుకుంది. సెల్యూట్ రెండో ఏట వచ్చింది.

పెళ్లిచూపుల్లో కవితకు కూడా అదే చెప్పాను. వర్లిలో వాళ్ల చాళ్ గదిలో, అందరూ ఉప్మా తింటుండగా. మాట్లాడడానికి ఇంకేమీ తోచలేదు.

మార్చి 17, మంగళవారం

చిన్న సేఠ్ కొత్త బోర్డు పెట్టించాడు. అందులో 'మా అనుభవం నలభై ఏళ్లు' అని ఉంది. అందులో ఇరవై ఐదు నావి.

మార్చి 25, బుధవారం

ఇరవై ఐదేళ్లు. దుకాణంలో ఎవరికీ చెప్పలేదు. మూడు రీడింగ్ జోళ్లు అమ్మాను.

మార్చి 26, గురువారం

జ్వరం రాలేదు. రెండుసార్లు చూసుకున్నాను.

మార్చి 28, శనివారం

నిన్నటిది వివరంగా రాస్తాను. మధ్యాహ్నం గిరాకీ లేదు, దుకాణం వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను.

ఆరింటికి మొదలవ్వాల్సింది ఏడింటికి మొదలైంది. గణపతి ఫొటో, దీపం, పిల్లల డాన్సు, బాలనర్సయ్య కాకాకు శాలువా. లక్కీ డ్రాలో ప్రెషర్ కుక్కర్ అధ్యక్షుడి కోడలికి వచ్చింది. కాసేపు గొడవ. తర్వాత నన్ను పిలవడానికి కాకాయే మైకు పట్టుకున్నాడు.

"ఈ పోరన్ని మీరందరెరుగుదురు," అన్నాడు. నలభై ఒక్క ఏళ్ల పోరణ్ని. "నౌకరి పెట్టిచ్చింది నేనే. ఎప్పుడనుకున్నరు? దో హజార్ ఏక్, మార్చి పచ్చీస్, ఐతారం. శాంతాబాయి ఇంట్ల టీవీ సూస్కుంట కూసున్నడు. ఆకాశంల ఓడది ఏదో నడుస్తుండె. మధ్యల నుంచి చెయి వట్టి గుంజుకపోయిన. ఏడ్సుకుంట వచ్చిండు. ఇయ్యాల్టికి పచ్చీస్ సాల్, ఒక్కటే దుకాణం, ఒక్కటే కుర్సీ. ఒక్క సుట్టి లేదు. గిట్లాంటోడు మన సంఘంల ఉన్నడా?"

అని తన మెడలోని శాలువా తీసి నాకు కప్పాడు. ఇంకా వెచ్చగా ఉంది.

డెబ్బై ఎనిమిదీ చూసినవాడు, చివరి సెల్యూట్‌కు ఏకైక సాక్షి, అందరి ముందు పట్టుబడ్డాడు. హాలు మొత్తం నా వైపు చూస్తోందని తలెత్తాను.

హాలు మొత్తం వంటగది వైపు చూస్తోంది. బగారన్నం వాసన వచ్చేసింది.

చూసినవాళ్లు ఇద్దరే. రుతుజ ప్రొజెక్టర్ పక్కన నిలబడి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. తేదీలు కలుస్తున్నాయని దానికి అర్థమైపోయింది. కవిత కుర్చీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది.

మైకు ముందు నిలబడి, రాసుకొచ్చిన కాగితం విప్పాను. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. హాల్లో వెలుగు సరిగ్గా లేదు, అది నిజమే. కానీ మా ఇంట్లో, దుకాణంలో, బస్సులో కూడా సరిగ్గా ఉండడం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ సీరియల్ ఆఖరి పదకొండు మినిట్లు నేను సూడలే," అన్నాను. "మీ అందరికి చెప్పిందంతా నేను కల్పించింది. మాఫ్ జేయున్రి."

వెనక నుంచి ఎవరో, "మాఫ్ జేసినం. తినుడు షురూ జేద్దామా?" అన్నారు. చప్పట్లు కొట్టారు. దేనికో తెలియదు.

అందరూ ఆకుల వైపు వెళ్లారు. రుతుజ లైటు తీసి గోడ మీద బొమ్మ వేసింది. చూసింది మేం నలుగురం. రుతుజ, కవిత, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన ఎనభై ఏళ్ల శాంతాబాయి, శాలువాతో నేను.

ఎర్రలైటు వెలిగింది. మేఘా గాలి అయిపోతోందంది. కెప్టెన్ నోరు తెరిచాడు. ఇరవై ఐదేళ్లుగా తెరిచి ఉన్న నోరు.

"ఖిడ్‌కీ ఖోల్ దో," అన్నాడు. కిటికీ తెరవమని.

తెరిచారు. అంతరిక్షంలో. గాలి వచ్చింది.

తర్వాత టార్చి లైటు సెల్లుల ప్రకటన మూడు నిమిషాలు. తర్వాత ఓడలోని విదూషకుడు జారి పడ్డాడు. తర్వాత ఓడ తలుపు దగ్గర ఏదో చప్పుడైంది. కెప్టెన్ మా వైపు తిరిగి, ఎవరొచ్చారో వచ్చే ఆదివారం చూద్దామన్నాడు. పేర్లు వచ్చాయి. అయిపోయింది.

అది ముగింపే కాదు. మామూలు ఎపిసోడ్. ఆ తర్వాత వారం ఛానల్ వాళ్లు ఆపేశారంతే. ఎవరూ ఎవరికీ సెల్యూట్ చేయలేదు, అద్దం మీద చెయ్యి పెట్టలేదు.

కెప్టెన్‌ను దగ్గరగా చూశాను. చాలా చిన్నవాడు. మీసం అతికించినట్టుంది.

"బకవాస్ ఉన్నది గదరా," అంది శాంతాబాయి.

"నువ్వప్పుడు సూడలేదా అమ్మా?"

"నేనెందుకు సూస్త? నువ్వు లేచిపోయినవ్, నేను బంద్ జేసిన. నువ్వు సూస్తవనే పెడ్తుంటి ఆ లొల్లి."

"మరి అయిపోయిందంటివి?"

"నువ్వు నౌకరికి పోయినవ్. ఐతారం ఇంట్ల ఉండవ్. ఇంకెక్కడిది సీరియల్?" అని, బగారన్నం ఇక్కడికే తెమ్మని రుతుజను పంపింది.

రుతుజ వెళ్తూ నా ముందు ఆగింది. కోపంగా ఉందేమోనని భయపడ్డాను. "నన్ను ఏడిపించినవ్," అంది. తెలుగులో అంది. "నీదే మంచిగుండె."

ఇంటికి నడుస్తున్నప్పుడు కవితతో అన్నాను, పెళ్లిచూపుల్లో చెప్పింది అబద్ధమని.

"నాకెరుకే," అంది.

"కాకా చెప్పినంకనా?"

"అప్పుడే ఎరుక. వర్లిల మా ఇంట్ల టీవీ లేదా? మొత్తం సూసినదాన్ని. కిటికీ తెరువుమంటడు, కామెడీవాడు పడ్తడు."

పద్దెనిమిదేళ్లు. నేను గల్లీ మధ్యలో నిలబడిపోయాను.

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు సెల్యూట్ జేసుకుంట చెప్తుంటివి. కళ్లల్ల నీళ్లు. ఉప్మా సల్లారిపోతున్నది. ఈడు నాతోటి ఉన్నన్ని దినాలు ఏదో ఒకటి చెప్తనే ఉంటడు, బోర్ కొట్టదనుకున్న."

"కొట్టిందా?"

"శానా," అంది కవిత. కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది, "పాపం కెప్టెన్. కిటికీ తెరిసి హాయిగున్నోన్ని పట్టుకొచ్చి నువ్వు నౌకరికి పెట్టినవ్. అందరినింటికి పంపి ఒక్కడే కుర్సీల కూసోబెట్టినవ్."

శాలువా తీసి, మడిచి చేత్తో పట్టుకుని నడిచాను.

మార్చి 30, సోమవారం

పరీక్ష కుర్చీలో కూర్చున్నాను. ప్లస్ ఒకటిన్నర పవరు. చిన్న సేఠ్ నాకు తెలియకుండా ఫ్రేము తీసి పెట్టి ఉంచాడు, ఫిబ్రవరి నుంచి.

డైరీలో గీతలు బాగానే అచ్చేశారు.

వాట్సాప్ గ్రూపు మూసేశాను. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 2, గురువారం

చిన్న సేఠ్‌ను అడిగాను. నిన్నటి నుంచి ఎలా అడగాలా అని సాధన చేశాను. ఇల్లు అన్నాను, వయసు అన్నాను, పెద్ద సేఠ్ కాలం నుంచి అన్నాను. చివరికి, ఆదివారం సెలవు కావాలన్నాను.

వాడు బిల్లు పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "లే లో, కాకా," అన్నాడు, తీసుకోమని.

"ప్రతి ఆదివారం."

ఇప్పుడు తలెత్తాడు. కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "ఆప్‌నే కభీ మాంగా హీ నహీఁ."

నిజమే. ఎప్పుడూ అడగలేదు. ఇరవై ఐదేళ్లుగా వద్దన్నవాడు ఎవడూ లేడు. చెడు మనిషి ఒకడు ఉండి ఉంటే బాగుండేదనిపించింది. వాడి మీద కోపం తెచ్చుకునేవాణ్ని.

ఏప్రిల్ 5, ఆదివారం

పొద్దున పది గంటలకు ఇంట్లో ఉన్నాను. పది గంటల ఐదు నిమిషాలకు ఏం చేయాలో తోచలేదు.

అల్మారా సర్దబోతే కవిత వద్దంది. రుతుజకు చదువు చెప్పబోతే, దాని మ్యాథ్స్ చూసి నేనే వద్దనుకున్నాను. చివరికి ముగ్గురం వర్లిలో కవిత వాళ్లమ్మ ఇంటికి బయలుదేరాం. రెండంతస్తుల బస్సు మేడమీద ముందు సీటు కోసం రుతుజతో పోటీ పడ్డాను. ఓడిపోయాను.

వాళ్లమ్మ చేపల పులుసు పెట్టింది. తిన్నాక సముద్రం ఒడ్డున గోడ మీద కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. ఒంటిగంటన్నరకు ఫోను మోగింది, దుకాణం నుంచి. ఒక ఆవిడ వచ్చి కూర్చుందట, నేను తప్ప ఇంకెవరు జోడు పెట్టినా చెవి వెనక గుచ్చుకుంటుందని గొడవట. చిన్న సేఠ్, "కాకా, ఆధే ఘంటే కే లియే ఆ సక్తే హో?" అన్నాడు, అరగంట కోసం రాగలవా అని.

నాకు చాలా సంతోషమైంది, ఆ ఆవిడను మెచ్చుకోవాలనిపించింది. లేచి నిలబడ్డాను కూడా. కవిత నా వైపు చూడలేదు, వేరుశనగలు ఒలుస్తోంది. రుతుజ మాత్రం చూస్తోంది.

"రేపు పొద్దున రమ్మను," అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను. గోడ చుర్రుమని కాలింది. కూర్చున్నాను.